అప్‌డేట్: పి0135 కోడ్, చెక్ ఇంజిన్ లైటు – ఒక్క ఆక్సిజన్ సెన్సార్‌తో సరిపోయింది

నా పెట్రోల్ కారులో చెక్ ఇంజిన్ లైటు వెలుగుతోందని, స్కానర్ పి0135 కోడ్ (మొదటి ఆక్సిజన్ సెన్సార్ హీటర్ సర్క్యూట్‌లో లోపం) చూపుతోందని, పొగలోని ఆక్సిజన్‌ను కొలిచే ఈ సెన్సార్లు రెండూ కంపెనీవి కాకుండా తక్కువ ధరవి వేయించవచ్చా అని ఇక్కడ అడిగాను. సమస్య తీరింది. సలహాలిచ్చిన వారందరికీ ధన్యవాదాలు.

ముందు ఫ్యూజు చూసి, ఆపై సెన్సార్‌ను వేడిచేసే హీటర్‌ను మల్టీమీటర్‌తో కొలవమన్న సూచనే పనికొచ్చింది. ఆటో ఎలక్ట్రీషియన్ ప్లగ్గు ఊడదీసి రెండు తెల్ల తీగల మధ్య కొలిస్తే, కొన్ని ఓములు చూపవలసిన మీటరు ఓపెన్ అని చూపింది. అంటే లోపల హీటర్ తెగిపోయింది. కారు వైపు ప్లగ్గులో బ్యాటరీ వోల్టేజీ సరిగానే వస్తోంది కనుక వైరింగ్‌ను తడమవలసిన అవసరం రాలేదు.

పొగను శుభ్రపరిచే క్యాటలిటిక్ కన్వర్టర్ తర్వాత ఉండే రెండో సెన్సార్ బాగానే ఉన్నందున దాన్ని మార్చలేదు. మిగిలిన డబ్బుతో, తీగలు కత్తిరించి అతికించవలసిన యూనివర్సల్ రకానికి బదులు, అదే ప్లగ్గుతో వచ్చే ఆఫ్టర్‌మార్కెట్ (కారు కంపెనీది కాని) సెన్సార్ తీసుకున్నాను. ఈ సెన్సార్లలో చాలావాటికి పొగలోని ఆక్సిజన్‌తో పోల్చడానికి కావలసిన బయటి గాలి తీగల గుండానే లోపలికి చేరుతుంది. అక్కడ సోల్డరింగ్ చేస్తే ఆ దారి మూసుకుపోయి రీడింగు తప్పవచ్చు. ఆ మాట విన్నాక ధరలోని తేడా నాకు భారమనిపించలేదు.

ఇంజిన్ కాస్త వేడిగా ఉండగా 22 మి.మీ. సాకెట్‌తో పాతది ఊడివచ్చింది. కోడ్ చెరిపాక స్కానర్ లైవ్ డేటాలో కొత్త సెన్సార్ వోల్టేజీ 0.1, 0.9 వోల్టుల మధ్య చురుకుగా ఊగుతోంది, లైటు మళ్లీ వెలగలేదు. ఇంజెక్టర్ల శుభ్రత, పెట్రోల్ నాణ్యత గురించి ఇక్కడ సాగిన చర్చకు ఈ కోడ్‌తో సంబంధం లేదని తేలింది. మైలేజీ మెరుగుపడిందో లేదో ఇంకా కొలవలేదు.