ఐఐటీ మండి సివిల్ పైన పెట్టాల్నా, ఇంటి పక్కనున్న నిట్ వరంగల్ పెట్టాల్నా?

ఓరుగల్లు_అక్క:
అందరికీ నమస్తే. మాది హన్మకొండ. మా తమ్మునికి జోసా (ఐఐటీ, నిట్ సీట్ల కౌన్సెలింగ్) మాక్ అలాట్‌మెంట్‌ల, అంటే సీట్ల ట్రయల్‌ల, హిమాచల్ ప్రదేశ్‌ల ఉన్న ఐఐటీ మండి సివిల్ చూపెట్టింది, నిట్ వరంగల్ సివిల్ కూడా హోమ్ స్టేట్ కోటాల వచ్చేటట్టే ఉంది. వానికి కొండలంటే పిచ్చి, ఛాయిస్‌లల్ల మండినే పైన పెడ్త అంటుండు. అమ్మేమో మండి పేరు వింటేనే లేచి లోపలికి పోతుంది. 2014 జూన్ 8న హైదరాబాద్ నుంచి టూర్ పోయిన ఇంజినీరింగ్ పిల్లలు 24 మంది బియాస్ నదిల కొట్టుకపోయింది ఆ జిల్లాలనే కదా, పైన లార్జి డ్యామ్ నుంచి నీళ్లు వదిలిన్రు, నది మధ్యల రాళ్ల మీద నిలబడ్డ పిల్లలకేమో తెల్వదు. ఆ వీడియో టీవీల చూసింది అమ్మ, ఇప్పటికీ మర్చిపోలే. ఎల్లుండి ఛాయిస్‌లు లాక్ చెయ్యాలె. అక్కడ చదివినోళ్లు ఉంటే చెప్పండి, అమ్మకు ఏం చెప్పాలె?

కమాంద్_సివిల్:
అక్కా, నేను అక్కడే సివిల్ చదివా, మాది నరసరావుపేట. అమ్మగారి భయంలో తప్పేం లేదు, దాన్ని తీసిపారేయొద్దు. క్యాంపస్ మండి టౌన్‌లో ఉండదు, కమాంద్ లోయలో ఊల్ నది పక్కనే ఉంటది, ఆ నది కూడా పోయి బియాస్‌లోనే కలుస్తుంది. మన దగ్గర ఎండ కాస్తున్నా ఎగువన వాన పడితే నీళ్లు పెరిగిపోతాయి. సీనియర్లు మాకు చెప్పిన మొదటి మాటే రాళ్ల మీదకి దిగొద్దని, మా బ్యాచ్ నాలుగేళ్లూ దిగలేదు.

ఇక చదువు సంగతి, సివిల్ వాడికి అక్కడ కొండే ల్యాబ్. 2017 ఆగస్టులో మండి–పఠాన్‌కోట్ రోడ్డు మీద కోట్రోపి దగ్గర కొండ జారి రెండు బస్సుల్ని లాక్కెళ్లింది, 40 మందికి పైగా పోయారు. తర్వాత ఐఐటీ వాళ్లే తక్కువ ఖర్చులో ఒక పరికరం చేసి ఆ కొండవాలు మీద పెట్టారు, మట్టిలో తేమెంత, నేల ఎంత కదిలింది అని చూస్తూ ఉంటది, కదిలితే రోడ్డు మీద హారన్ మోగుద్ది. బరోట్ అనే ఊరికి వెళ్తే ఇదే ఊల్ నీళ్లని కొండలోంచి సొరంగం తవ్వి జోగిందర్‌నగర్ వైపు షానన్ పవర్‌హౌస్‌కి ఎలా దించారో చూడొచ్చు, 1932 నాటిది. పుస్తకంలో పెన్‌స్టాక్ (నీళ్లని పవర్‌హౌస్‌కి దించే పెద్ద పైపు) బొమ్మ ఎన్నిసార్లు గీసినా నాకు ఎక్కలా, అక్కడ ఆ పైపుల పక్కన నిలబడ్డాక ఎక్కింది.

కష్టం కూడా చెప్పాలిగా. చలికాలం ఎండ త్వరగా కొండ వెనక్కి పోతుంది, ఉతికిన జీన్స్ మూడు రోజులైనా నడుం దగ్గర తడిగానే ఉంటది. కొబ్బరినూనె గడ్డకడితే సీసాని వేణ్నీళ్ల మగ్గులో పెట్టుకునేవాణ్ణి. అన్నం దొరుకుద్ది గానీ మన పప్పు మాత్రం దొరకదు.

కాజీపేట_పాత_విద్యార్థి:
అమ్మా, నేను మీ ఊర్లనే చదివిన, ఇప్పటి నిట్‌నే అప్పుడు ఆర్ఈసీ (రీజనల్ ఇంజినీరింగ్ కాలేజీ) అనేటోళ్లం, 1959ల మొదలైంది, దేశంల మొదటి ఆర్ఈసీ అదే. సివిల్‌కు పేరున్న కాలేజీ, తక్కువ అనుకోవద్దు. చూడనీకి ఇక్కడ కూడా బోలెడుంది, పాలంపేట పోతే రామప్ప, ఇసుక పునాది మీద 1213ల కట్టిన గుడి, నీళ్లల్ల తేలే ఇటుకలు, మా సార్ మమ్ముల బస్సుల తీస్కపోయి ఆ పునాది గురించి రెండు గంటలు చెప్పిండు. ఆరోగ్యం ఏమన్న తేడా ఉంటే మాత్రం దూరం పంపకుండ్రి. లేకుంటే వాని ఇష్టమే చూడుండ్రి, కొండల మీద గింత మనసున్న పిలగాణ్ణి ఆపితే నాలుగేండ్లు అదే తల్సుకుంట కూసుంటడు.

మండి_అమ్మ:
మా అబ్బాయి ఇప్పుడు అక్కడ సెకండియర్ అండి. ముందు ఒక మాట, జోసాలో పైన పెట్టిన సీటు వచ్చిందంటే కింద పెట్టింది ఇక రాదు, అందుకే ఇంట్లో తేల్చుకున్నాకే లాక్ చేయండి. జాయినింగ్ సరిగ్గా వానాకాలంలో పడుతుంది, చండీగఢ్ దాకా ఫ్లైట్, అక్కడ సెక్టార్ 43 బస్టాండ్ నుంచి మండి ఓ 200 కిలోమీటర్లు, పగటి బస్సే ఎక్కండి, వాంతుల మాత్ర వేసుకోండి, రెండు రోజులు చేతిలో ఉంచుకుని బయల్దేరండి. 2023లో ఆ వానలకి మండి–కులు రోడ్డు రోజుల తరబడి మూసేశారు, మా వాడు ఫోన్ ఎత్తని ఆ పూట నాకు ఇంకా గుర్తే. మీ అమ్మగారి నంబర్ మెసేజ్‌లో పెట్టండి, నేను మాట్లాడతాను, తల్లికి తల్లి చెప్తేనే వింటుంది.

ఓరుగల్లు_అక్క:
ఆంటీ, మీకు చేతులెత్తి మొక్కాలె. అమ్మ నలభై నిమిషాలు మాట్లాడింది, ఫోన్ పెట్టినంక వాణ్ణి పిల్చి నది దిక్కు పోనని ఒట్టు పెట్టించుకుంది. మండి పైన, వరంగల్ రెండోది పెట్టి లాక్ చేసినం, అమ్మ పక్కనే కూసోని చూసింది. ఇప్పుడు ఆవకాయ ఎన్ని కిలోలు కట్టాల్నని అడుగుతుంది.

కమాంద్_సివిల్:
చెక్-ఇన్ బ్యాగులో పెట్టండక్కా, చేతి బ్యాగులో అయితే ఆపేస్తారు. సీసా వద్దు, ప్లాస్టిక్ డబ్బాలో వేసి మూతకి టేప్ చుట్టి రెండు కవర్లలో కట్టండి. మూడు కిలోలు పెట్టండి, రూమ్‌మేట్స్ కూడా తింటారు.