అప్‌డేట్: హెచ్‌ఆర్ సాఫ్ట్‌వేర్‌కి అవసరాల జాబితా (తేలిపోయింది)

మా కంపెనీకి హెచ్‌ఆర్ సాఫ్ట్‌వేర్ (ఉద్యోగుల హాజరు, సెలవులు, జీతాలు చూసేది) కొనాలని విభాగాలు అడిగినవన్నీ రాస్తుంటే జాబితా చాంతాడంత అయింది, ఏది ఉంచాలి అని ఇంతకుముందు ఇక్కడ అడిగాను కదా. జవాబిచ్చిన అందరికీ థాంక్స్.

పనికొచ్చిన సలహా: ఫీచర్లు పక్కనపెట్టి, ఒక సెలవు దరఖాస్తు జీతం లెక్క దాకా ఎలా వెళ్తుందో కాగితం మీద గీయమన్నది. గీస్తే, మేనేజర్ ఓకే చేసిన సెలవునే పేరోల్ (జీతాలు లెక్కగట్టే) వాళ్లు మళ్లీ ఎక్సెల్‌లో చేత్తో ఎక్కిస్తున్నారని తేలింది. మాకు సలహా ఇస్తున్న కన్సల్టెంట్ అసలు లోపం పట్టుకున్నారు: హాజరు మెషీన్‌లో ఉద్యోగి నంబర్ 0457, పేరోల్‌లో 457. ముందున్న సున్నాని ఎక్సెల్ మింగేసింది! ఇలా ఉంటే ఏది కొన్నా రికార్డులు కలవవట. ముందు డేటా సరిచేసి, తర్వాతే సాఫ్ట్‌వేర్ అమ్మేవాళ్లని డెమోలకి పిలిచాం; మా సెలవు కేసే ఇచ్చి చేసి చూపించమన్నాం.

సాఫ్ట్‌వేర్ క్లౌడ్‌లో (ఇంటర్నెట్ ద్వారా వాడే బయటి సర్వర్లలో) ఉండాలా, సొంత సర్వర్‌లోనా అన్న చర్చ మాకు అక్కరకు రాలేదు. మొబైల్ యాప్‌ని రెండో దశకి వదిలేశాం.