మహారాష్ట్ర సిరొంచ వైపు జడ్పీ బడికి కంపెనీ దత్తత: తీర్మానంలో ఏం రాయించాలె?

గోదారిగట్టు: కంపెనీ ఒకటి 5 ఏళ్లకు బడిని దత్తత తీసుకుంటనంటున్నది. పంతుళ్ల మీద పెత్తనం కూడా వాళ్లకే పోతదా?

పాతఫైలు: పోదన్నా. మహారాష్ట్ర 2023 సెప్టెంబర్ జీఆర్‌లో (సర్కారు ఉత్తర్వు) గ్రామీణ బడికి దాత ఇవ్వాల్సిన లెక్క 5 ఏళ్లకు 50 లక్షలు, 10 ఏళ్లకు కోటి. నగదు కుదరదు, వస్తువులు, సేవలే. దాత పేరు బడి పేరుకు జోడించొచ్చు, అదీ గడువు దాకే. సంతకానికి ముందు తాజా జీఆర్ నకలు తెప్పించుకోండి. అసలు తిరకాసు విలువ కట్టుడులో ఉంటది: 40 వేల టీవీని లక్షన్నర స్మార్ట్ బోర్డు అని రాసేస్తే 50 లక్షలు ఇట్టే కరిగిపోతయి. ప్రతి వస్తువుకు మోడల్ నంబరు, బిల్లు నకలు అడగండి.

ఇన్వర్టర్: బోర్డు కన్నా ముందు చచ్చేది దాన్ని నడిపే ఇన్వర్టర్ బ్యాటరీ. 150 ఏహెచ్ లెడ్ బ్యాటరీలో డిస్టిల్డ్ వాటర్ నెలకోసారి చూడకపోతే ప్లేట్లు తేలి ఎండుతయి. ఎండాకాలం సెలవుల్లో సరిగ్గా అదే జరుగుతది, జూన్‌లో బడి తెరిచేసరికి బోర్డు గోడకు అలంకారం. బ్యాటరీ మార్పిడి, రిపేరు గడువంతా దాతదేనని రాయించండి.

పాతఫైలు: అవును, అది మరిచిన. ఇంకోటి, విద్యాహక్కు చట్టం ప్రకారం బడి నిర్వహణ సమితిలో కనీసం నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలె. తీర్మానం మరాఠీలో రాసినా, సంతకానికి ముందు వాళ్లకు తెలుగులో చదివి వినిపించమనండి.

గోదారిగట్టు: సరే అన్నా, బ్యాటరీ సంగతి అయితే ఎవరికీ తట్టలేదు.