ఎవ్వనియందు... డిందా, చెందా?

పొద్దుతిరుగుడు: రెండు రోజులుగా పోతన భాగవతంలోని గజేంద్రమోక్షం పద్యం ఒకటి నోట్లో నానుతోంది, ముందుకు కదలడం లేదు. "ఎవ్వనిచే జనించు జగమెవ్వని లోపల నుండు లీనమై యెవ్వనియందు" వరకు వస్తాను, ఆగిపోతాను. తరువాతి మాట డిందా, చెందా? మా అమ్మమ్మ చెందు అనే చదివేది. అవసరం వేరే. లినక్సు కంప్యూటరు లేచేటప్పుడు సేవలను మొదలుపెట్టే పాత సిస్టమ్ ఫైవ్ ఇనిట్ స్క్రిప్టులను, వాటి స్థానంలోకి వచ్చిన సిస్టమ్‌డి ప్రోగ్రాము వదిలించుకుంటున్న సంగతి మీద పిల్లల కోసం వ్యాసం రాస్తున్నాను. డెప్రికేటెడ్ అనే మాటకు తెలుగు కావాలి. పని చేస్తూనే ఉంటుంది, కానీ ఇక దాన్ని నమ్ముకోవద్దని చెప్పేశారు. ఆ స్థితికి ఈ క్రియ అతుకుతుందేమోనని ఆశ.

గురులఘువు: డిందు, అంటే నశించు. అమ్మమ్మగారికి నమస్కారం, అయినా డిందే. ఆరో అక్షరం గురువు కావాలి, చెం పెట్టినా గణం చెడదు. అందుకే నోళ్లలో మారింది. యతి కూడా సాయపడదు, అది పదో అక్షరంలో ఉంది: పరమ, ఈశ్వర కలిసిన "మే". అక్కడి ఈకారానికి పాదం మొదటి ఎకారంతో మైత్రి. ఈ తగువులో ఛందస్సు సాక్ష్యం చెప్పదు.

చింతచిగురు: వ్యాకరణం చెబుతుంది కదా. చెందు ఒంటరిగా నిలవదు. లయం చెందాలి, బాధ చెందాలి, లేదా ఒకరికి చెందాలి. "ఎవ్వనియందు చెందు" అంటే ఏం చెందు?

గురులఘువు: అదే చెప్పబోతున్నాను.

పాతటెర్మినల్: పద్యం సంగతి మీరు చూసుకోండి. నాకు మాత్రం ఇందులో మొత్తం కథ కనిపిస్తోంది. జనించడం 1983 నాటి యూనిక్స్ సిస్టమ్ ఫైవ్‌తో. లీనమై ఉండడం 2010లో సిస్టమ్‌డి వచ్చాక. ఇనిట్.డి ఫోల్డరులో పాత స్క్రిప్టు కనబడితే, యంత్రం లేచేటప్పుడు జనరేటరు అనే చిన్న ప్రోగ్రాము దానికి అప్పటికప్పుడు కొత్త పద్ధతి యూనిట్ ఫైలు, అంటే సిస్టమ్‌డి చదివే సూచనల ఫైలు, తయారుచేస్తుంది. పాతది బయటికి కనిపించదు, లోపల నుండు లీనమై! ఇక డిందడం: 2023లోనే సిస్టమ్‌డి విడుదల ప్రకటనలో ఈ మద్దతును ముందు ముందు తీసేస్తామని చెప్పారు. కాబట్టి పొద్దుతిరుగుడు గారూ, మీరడిగిన స్థితి డిందు కాదు. లీనానికీ డిందుకూ నడుమ ఉన్న సంధ్య.

చింతచిగురు: ఆ సంధ్యకే కదా ఆయన మాట అడుగుతున్నది. డిందుకు అణగు, కుంగు అనే అర్థాలూ ఉన్నాయి, ఒక్కసారిగా మాయం కావడమే కాదు. అసలు డిగ్గు, దిగు, డిందు ఒక్క మూలం నుంచి వచ్చినవని నా అనుమానం. కిందికి పోవడమే మూలార్థం.

గురులఘువు: అనుమానం అన్నారు, బాగుంది. అలా అయితే డీలా పడడాన్నీ కలిపేయండి.

చింతచిగురు: కలపనని ఎవరన్నారు?

బచ్చలితీగ: నాకు మూడో పాదమే ఇష్టం. "సర్వము తానయైనవాడెవ్వడు". సిస్టమ్‌డిని తిట్టేవాళ్లు పదేళ్లకు పైగా అంటున్న మాట ఇదే. సేవలను లేపడంతో మొదలై లాగిన్లు, లాగ్ చిట్టాలు, పరికరాల గుర్తింపు, పేర్ల శోధన అన్నీ తానే అయింది. ఇనిట్ అంటే మొదట లేచి, మిగతావాళ్లను లేపి, పక్కకు తప్పుకునేదని పాతవాళ్ల నమ్మకం.

పాతటెర్మినల్: పక్కకు తప్పుకోదండీ. ఇనిట్ అంటే యంత్రంలో ఒకటో నంబరు ప్రాసెస్, అది పోతే వ్యవస్థకు గుండెకాయ లాంటి కెర్నల్ మొత్తం కూలుతుంది. పైగా తల్లి ప్రాసెస్ చనిపోయిన అనాథలు మామూలుగా దాని ఒడికే చేరతాయి. "శరణంబు వేడెదన్" అనేది అక్కడ అక్షరాలా నిజం.

గురులఘువు: మరి ఆత్మభవు? ఒకటో నంబరు తనంతట తాను పుట్టలేదు, కెర్నల్ పుట్టించింది. పద్యంతో పోల్చేటప్పుడు ఒక్క మాటనైనా మింగకూడదు.

పాతటెర్మినల్: ఒప్పుకున్నాను. ఆ మాట కెర్నల్‌కు ఇచ్చేద్దాం.

బచ్చలితీగ: అసలు ఈ పద్యం ఉన్న అష్టమ స్కంధం పోతన చేతిదే కావడం మన అదృష్టం. పంచమం గంగన, షష్ఠం సింగన, చివరి రెండూ నారయ పూరించారు. భాగవతానికీ ఇలాంటి జనరేటర్లు ఉన్నాయన్నమాట. కానీ చదువుతూ పోతే అతుకు తెలిసిపోతుంది. పోతన దగ్గర పదం తనంతట తానే తరువాతి పదాన్ని పిలుస్తుంది.

చింతచిగురు: నారయ మీద ఆ చిన్నచూపు నాకు నచ్చలేదు. ఏకాదశం మళ్లీ చదివి రండి.

పొద్దుతిరుగుడు: అందరికీ కృతజ్ఞతలు. డిందు ఖాయమేనా? ఓటు పెట్టమంటారా?

పాతటెర్మినల్: ఓటు వద్దు. 2014 ఫిబ్రవరిలో డెబియన్ అనే లినక్సు పంపిణీ సాంకేతిక సంఘం ఇదే ఇనిట్ తగువు మీద ఓటు పెడితే నాలుగుకు నాలుగుగా చీలి, అధ్యక్షుడి నిర్ణాయక ఓటుతో సిస్టమ్‌డి నెగ్గింది. ఓడినవాళ్లలో కొందరు డెవువన్ అని వేరు కాపురం పెట్టారు. ఇక్కడా చెందు పక్షం వాళ్లు వేరే ప్రతి రాసుకుంటారు.

పొద్దుతిరుగుడు: అమ్మమ్మ ప్రతి ఒకటి ఇప్పటికే ఉంది. సరే, వ్యాసంలో "ఈ స్క్రిప్టుల కాలం డిందుతోంది" అని రాశాను. పిల్లలకు అర్థమవుతుందా?

గురులఘువు: అర్థం సంగతి తరువాత. కాలం డిందుతుందా, స్క్రిప్టులు డిందుతాయా? పద్యంలో కర్త జగం. కాలం కాదు.

చింతచిగురు: జగమే కర్త అని మీరెలా తేల్చారు? రెండో పాదంలో డిందుకు కర్తే లేదు కదా.