పేరు కలిస్తే చెల్లింపు ఆపడం: ఆంక్షల ఎగవేతను పట్టుకోవడానికా, జరిమానా తప్పించుకోవడానికా?

ఎగుమతిదారు:
నాకు రావాల్సిన డబ్బు బ్యాంకు వారాల తరబడి ఆపేసింది. కొనుగోలుదారు పేరు ఆంక్షల జాబితాలో ఎవరిదో పేరుకు దగ్గరగా ఉందట. పుట్టిన తేదీ వేరు, దేశం వేరు. అసలు ఆంక్షలు తప్పించుకునేవాడు సొంత పేరుతో వస్తాడా?

అలర్ట్_డెస్క్:
బ్యాంకులో అలా పేరు కలిసినప్పుడు వచ్చే అలర్టులు చూసే పనే నాది. పేరు మొదటి వడపోత మాత్రమేనండీ. అమెరికా ట్రెజరీలో ఆంక్షలు అమలు చేసే విభాగం ఓఫాక్ నియమం ప్రకారం, జాబితాలో ఉన్నవాళ్లకు కలిపి 50 శాతం లేదా అంతకు మించి వాటా ఉంటే, కంపెనీ పేరు జాబితాలో లేకపోయినా దానికీ ఆంక్షలు వర్తిస్తాయి. ఇద్దరికి చెరో 25 ఉన్నా అంతే. అందుకే వాటాదారుల కాగితాలు అడుగుతాం.

కోడ్_శ్రీను:
పేర్లు ఎంత శాతం కలిస్తే అలర్టు వచ్చేలా పెట్టారు? తక్కువ పెడితే అన్నీ పనికిరాని అలర్టులే.

ఎగుమతిదారు:
వాటాల సంగతి నేనడగలేదు. కాగితాలన్నీ ఇచ్చాక కూడా "పరిశీలనలో ఉంది" అన్న ఒక్క ముక్కే. పనివాళ్ల జీతాలకు అప్పు తెచ్చాను. ఆ వడ్డీ ఎవరు కడతారు?

అలర్ట్_డెస్క్:
శాతం ఎంత పెంచినా, తగ్గించినా దొరకనివి ఉన్నాయి శ్రీను గారూ. 2022లో రష్యాపై ఆంక్షలు బిగిశాక మూడో దేశంలో కొత్త కంపెనీ పెట్టి చిప్‌లు తెప్పించి అటు దాటించడం మామూలైంది. ఏ జాబితాలోనూ ఆ పేరుండదు. నిన్నటిదాకా లేని కంపెనీకి ఇంత సరుకెందుకు, డబ్బు సంబంధం లేని వేరే దేశం నుంచి ఎందుకొస్తోంది అని మనిషే అడగాలి.

కోడ్_శ్రీను:
శాతం ఇంకా చెప్పలేదు.

పాత_ట్రెజరీ:
శాతం వదిలెయ్ శ్రీనూ. 2014లో ఫ్రాన్స్ బ్యాంకు బీఎన్‌పీ పారిబా సూడాన్, ఇరాన్, క్యూబా లావాదేవీల మీద అమెరికాలో నేరం ఒప్పుకుని దాదాపు 900 కోట్ల డాలర్లు కట్టింది. చెల్లింపు సందేశాల్లో పేర్లు కనపడకుండా చేసింది బ్యాంకు వాళ్లే. సాఫ్ట్‌వేర్ ఏం చేస్తుంది?

ఎగుమతిదారు:
అదే! దొంగలు లోపల, సోదాలు మాకు. మీ జరిమానా భయానికి మా ప్రాణాలు తీస్తున్నారు.

అలర్ట్_డెస్క్:
మాట జాగ్రత్త. ఒక ఖాతా మూసేయమని కారణాలన్నీ రాసి పైకి పంపాను. పెద్ద కస్టమరు, కమీషన్ పోతుందని వ్యాపార విభాగం అడ్డుపడింది. చివరికి "మరికొంత గమనిద్దాం" అన్నారు. మీలాంటి చిన్నవాళ్ల డబ్బు ఆపడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఆ ఖాతా ఆపడానికి నా మాట చాలదు. రేపు తేడా వస్తే ఫైల్లో ఉండేది మాత్రం నా సంతకం!

బ్రాంచి_బాధ్యుడు:
మీకు వీటో ఇస్తే రేపు ఒక దేశం వాళ్లందరి ఖాతాలూ మూసేస్తారు. రిస్క్ తగ్గింపు పేరుతో ఇప్పటికే అమాయకుల ఖాతాలు పోయాయి. నిర్ణయం వ్యాపారం చూసేవాళ్లదే.

అలర్ట్_డెస్క్:
దేశం మొత్తాన్ని మూయమని ఎవరన్నారు? రాతపూర్వక కారణంతో, ఒక్క ఖాతా. కాదనేవాళ్లు కూడా రాతలోనే కాదనాలి, కింద పేరు పెట్టాలి. మీరు పెడతారా?

బ్రాంచి_బాధ్యుడు:
లాభనష్టాల లెక్క నాది. ఆంక్షల పూచీ మీ విభాగానిది.

ఎగుమతిదారు:
నా డబ్బు ఇన్నాళ్లు ఎందుకు ఆగిందో ఇప్పుడర్థమైంది. అవునన్నా కాదన్నా సంతకం పెట్టేవాడు లేడు. డెస్క్ గారూ, మీ మీద అరిచాను, కానీ ఆ వడ్డీ సంగతి ఇంకా ఎవరూ చెప్పలేదు.