అప్‌డేట్: ఆర్ట్స్ ట్రెయిల్‌కి వెళ్లొచ్చాం

ఆర్ట్స్ ట్రెయిల్ అంటే కళాకారులు తమ స్టూడియోలు తెరిచి ఉంచితే, మ్యాప్ చూసుకుంటూ ఒక్కొక్కటీ తిరిగి చూడటం. ఆ మ్యాప్‌లో ఉన్న స్టూడియోలన్నీ ఒక్క రోజులో చూడగలమా, ఏమీ కొనకుండా లోపలికెళ్తే ఏమైనా అనుకుంటారా అని అడిగాను కదా. అన్నీ చూడటం కుదరలేదు, కుదరకపోవడమే మంచిదైంది. మీలో ఎవరో చెప్పినట్టు దగ్గర దగ్గరగా ఉన్నవి మాత్రం పెట్టుకుని నడిచాం.

ఎక్కువసేపు ఆగింది లినో ప్రింట్ల దగ్గర. అంటే లినోలియం అనే మెత్తటి పలకను చెక్కి, రంగు పూసి కాగితం మీద వేసే అచ్చులు. ఒకే లినో పలకతో ఒక రంగు అచ్చు వేశాక, ఆ పలకనే ఇంకాస్త చెక్కి, అదే కాగితం మీద తర్వాతి రంగు వేస్తారు. చివరి రంగుకొచ్చేసరికి మొదటి చెక్కడం మిగలదు. అందుకే ఎన్ని ప్రతులు కావాలో అన్నీ మొదటి రంగప్పుడే తీసేయాలి. కింద పెన్సిల్‌తో 7/30 అని ఉంటే 30 ప్రతుల్లో 7వది అన్నమాట. ఇది తెలిశాక ధర చూసి గొణగడం మానేశాను!

కొనమని ఎవరూ మొహమాటపెట్టలేదు. "ఇదెలా చేశారు?" అని అడిగితే చాలు, పనిముట్లన్నీ తీసి చూపించారు. కుండలావిడైతే మా అబ్బాయి చేతికి మట్టి ముద్దే ఇచ్చేసింది.

పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు మాత్రం మెట్ల సంగతి ముందే కనుక్కోండి. చాలా స్టూడియోలు మేడ మీదే ఉన్నాయి.