ఎఫ్‌ఐసీఎస్‌ (ఫ్రీ ఇంటర్నెట్ చెస్ సర్వర్)లో పాత గేములు: కమాండ్లతో చూడాలా, ఇంజిన్‌కి ఇచ్చేస్తే చాలా?

బంటు_64
గేమ్ అయ్యాక దాని పీజీఎన్ (ఎత్తులన్నీ రాసి ఉండే ఫైల్) ఇంజిన్‌కి, అంటే ఎత్తుల్ని విశ్లేషించే ప్రోగ్రామ్‌కి ఇస్తే క్షణాల్లో తప్పులన్నీ కనిపిస్తాయి. ఇంకా టెల్నెట్ కాలం నాటి కమాండ్లు, అంటే పాత గేమ్‌ని తెరిచే ‘ఎగ్జామిన్’, ముందుకి నడిపే ‘ఫార్వర్డ్’ టైప్ చేయడం ఎందుకు? కొత్తవాళ్లకి ఇది నేర్పడం అనవసర శ్రమ.

నల్లగుర్రం
ఒప్పుకోను. ఏ ఎత్తు తప్పో ఇంజిన్ చెబుతుంది, ఆ తప్పు ఎందుకు వచ్చిందో చెప్పదు. గేమ్ ముగియగానే ‘ఎస్‌మూవ్స్’, మీ హ్యాండిల్ (యూజర్ పేరు), మైనస్ 1 (అంటే చివరి గేమ్) కొట్టండి. ప్రతి ఎత్తు పక్కనే దానికి పట్టిన సమయం వస్తుంది. అరనిమిషం ఆలోచించి తప్పు ఆడటం వేరు, రెండు సెకన్లలో ఆడేయడం వేరు. తర్వాత అలాగే ‘ఎగ్జామిన్’ కొట్టి, ఇంజిన్ లేకుండా ఒకసారి నడవండి.

‘ఫార్వర్డ్’ పక్కన ఇచ్చే అంకె తెలుపు, నలుపు ఎత్తుల్ని విడివిడిగా లెక్కపెడుతుంది. మొదటి నుంచి తెలుపు 20వ ఎత్తుకి ముందు స్థితికి చేరాలంటే 38 ఇవ్వాలి. 20 ఇస్తే నలుపు 10వ ఎత్తు దగ్గరే ఆగిపోతారు.

బంటు_64
మధ్యలో వేరే ఎత్తు వేసి చూశాక అసలు గేమ్ ముందుకి కదలదు. ఈ తలనొప్పి పీజీఎన్‌లో లేదుగా?

ఏనుగు_గడి
మీరు వేరే దారిలో ఉన్నారు కాబట్టి కదలదు. ‘రివర్ట్’ కొట్టండి, దారి మళ్లిన చోటికే తిరిగి తెస్తుంది. ఇంకొకటి: గేమ్ చూడటం ముగించే ‘అన్ఎగ్జామిన్’ కొట్టకుండా ఎవరినీ ఆటకి పిలవలేరు.

అయితే భద్రపరిచే విషయంలో బంటు_64 గారి మాటే సరైనది. ‘హిస్టరీ’లో చివరి 10 గేములే ఉంటాయి, 11వది ఆడగానే పాతది జారిపోతుంది. గేముల సంఖ్యలు కూడా 99 తర్వాత మళ్లీ సున్నాకి వస్తాయి, కాబట్టి పాత సంఖ్య రాసిపెట్టుకుని లాభం లేదు. ముఖ్యమైన గేముని ఆ రోజే ‘జేసేవ్’తో జర్నల్‌లో (సర్వర్‌లో మీ గేములు దాచుకునే చోటు) ఒక అక్షరం కింద పెట్టండి, లేదా పీజీఎన్ దింపుకోండి.

నల్లగుర్రం
దాచుకోవడానికి పీజీఎన్ మేలే, కాదనను. కానీ ప్రత్యర్థితో కలిసి చూడాలంటే? ఇద్దరూ ఆన్‌లైన్‌లో ఉండి, అతను మీ బోర్డుని గమనిస్తుంటే ‘ఎంఎగ్జామిన్’, అతని హ్యాండిల్ కొట్టండి. అతనూ అదే బోర్డు మీద ఎత్తులు వేసి చూపించగలడు. ఒక ఎత్తు దగ్గర అతను నిజంగా దేనికి భయపడ్డాడో ఏ ఇంజిన్ చెబుతుంది?

బంటు_64
‘ఎంఎగ్జామిన్’ సంగతి ఒప్పుకుంటున్నా. కొద్ది నిమిషాల్లో ముగిసే బ్లిట్జ్ గేములకి మాత్రం ఇంజిన్ చాలనే ఇప్పటికీ అంటాను.